కుప్పంలో నా ఫొటోలు చూసినవాళ్లు

కుప్పంలో పోర్ట్‌ఫోలియో రివ్యూ పెడుతున్నారని ఫొటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చినప్పుడు నాకు అర్థమైంది ఇంతే: మనం తీసిన వాటిలో మంచివి ఏరుకుని, ప్రింట్లు వేయించుకుని, అట్టపెట్టెలో మోసుకుపోయి పేరున్నవాళ్ల ముందు పరచాలి. వాళ్లు కాసేపు చూసి నాలుగు మాటలు చెబుతారు. పెళ్లిచూపుల్లాంటిదే. కాకపోతే ఇక్కడ పిల్ల తరఫువాళ్లే ఊరు దాటి పోవాలి.

మదనపల్లెలో నాకో చిన్న స్టూడియో ఉంది. పాస్‌పోర్టు ఫొటోలు, పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, పెళ్లిళ్లు. అన్నం పెట్టేది అదే. మా అమ్మానాన్నలు తంబళ్లపల్లె దగ్గరి పల్లెలో ఇతరుల వేరుశనగ చేలల్లో కూలి చేసినవాళ్లు. బోరు వేయించుకోవడానికి మాకు జానెడు నేల కూడా లేదు. అయినా ఊళ్లో ఎవరి బోరు ఎండిపోయినా మా ఇంట్లో కూడా తెలిసేది, ఎందుకంటే మరుసటి వారం పని ఉండేది కాదు.

కొన్నేళ్ల కిందట ఆ పల్లెల్లోనే ఒక రైతు బోరు పూజకు వీడియో తీయమని నన్ను పిలిచాడు. నీళ్లు ఎగజిమ్మే క్షణం వీడియోలో ఉండాలని ఆయన కోరిక. రిగ్గు లారీ పొద్దుటినుంచి నేలను తొలుస్తూనే ఉంది. రాడ్డు మీద రాడ్డు దిగుతోంది. బయటికి వచ్చింది మాత్రం తెల్లటి రాతిపొడి. సాయంత్రానికి ఆయన నా వైపు తిరిగి, "ఇంక సాల్లేమ్మా, వీడియో ఆపెయ్," అన్నాడు. ఆపాను. కానీ ఫొటోలు తీస్తూనే ఉన్నాను. ఆయన వద్దనలేదు. నేను అక్కడున్న సంగతే మరిచిపోయాడు. ఇంటిల్లిపాదీ ఆ రంధ్రం వైపే చూస్తున్నారు, లోపల ఎవరో మాట్లాడుతున్నట్టు.

అప్పటినుంచి అదొక పిచ్చి పట్టుకుంది. పెళ్లిళ్లు లేని రోజుల్లో రిగ్గు లారీల వెంట తిరిగాను. డ్రైవర్లు నన్ను గుర్తుపట్టి వాళ్లే ఫోన్ చేసేవారు: "అమ్మా, రేపు కలకడ పక్క ఒక పాయింటుండాది, వస్తావా?" పాయింటు అంటే కొబ్బరికాయ పట్టుకుని తిరిగినాయన ఇక్కడ నీళ్లున్నాయని గుర్తుపెట్టిన చోటు. నేను వెళ్లేదాన్ని. నీళ్లు పడిన చోట ఎవరైనా తీస్తారు, అందరూ ఫోన్లు పైకెత్తుతారు. పడని చోట ఫోన్లన్నీ జేబుల్లోకి పోతాయి. నేను అక్కడ తీశాను.

ఆ ఫొటోలు ఎవరికైనా చూపించాలని మనసులో ఉండేది. అందుకే కుప్పం వస్తానని గ్రూపులో పేరిచ్చాను.

రివ్యూ పెట్టిన పెద్దమనిషి కుప్పంలో గ్రానైట్ వ్యాపారి. పక్షుల ఫొటోలు తీస్తాడు. ఆయన లెన్సు మా స్టూడియోలో వేసిన స్టూలంత పొడుగుంటుంది. దాన్ని భుజాన వేసుకుని తీయించుకున్న ఫొటోలే గ్రూపులో ఎక్కువ కనిపించేవి, పక్షులు తక్కువ. పేరిచ్చిన రోజునుంచి ఆయన మాకు రివ్యూను పూర్తిగా వాడుకోవడం ఎలా అని పాఠాలు మొదలుపెట్టాడు. నవ్వుతూ కూర్చోండి. నిమిషంలో మీ గురించి చెప్పండి. వాదించకండి. వాళ్లు చెప్పింది రాసుకోండి. కార్డు ఇచ్చి, ఇంటికెళ్లాక ధన్యవాదాలు చెబుతూ మెసేజ్ పెట్టండి. అద్దం ముందు ప్రాక్టీసు చేయండి. ప్రతి పాఠం కింద యాభైమంది దండాలు పెట్టేవాళ్లు. పిల్లను చూపించేటప్పుడు తల్లి చెప్పే జాగ్రత్తలకూ వీటికీ తేడా నాకు కనబడలేదు.

ఆ అద్దం పని నేను చేయలేదని రాయాలని ఉంది. చేశాను. స్టూడియోలో కస్టమర్లు తల దువ్వుకునే అద్దం ముందు నిలబడి, "నమస్కారం సార్, నేను మదనపల్లె నుంచి వచ్చినాను," అని చెప్పుకుంటూ ఉంటే, ఆధార్ ఫొటో కోసం వచ్చిన ఒక ముసలమ్మ తలుపు దగ్గర నిలబడి, "ఎవురితో మాట్లాడతాండావు తల్లీ?" అని అడిగింది.

ప్రింట్లకు పుంగనూరు వెళ్లాను. అక్కడ స్టూడియో నడిపే భాయ్ దగ్గర మంచి ప్రింటరుంది. ఆయన నాకంటే చాలా పెద్దవాడు. వాళ్ల పెళ్లిళ్లలో ఆడవాళ్ల వైపు ఫొటోలు తీయడానికి నన్ను పిలుస్తాడు. అలా పరిచయం. ఆయన కూడా కుప్పానికి పేరిచ్చాడు. డ్రోన్ కొన్నాక చెరువుల మీద సూర్యాస్తమయాలు తీయడం నేర్చుకున్నాడు. ఆ ఆకాశాలకు ఆయన ఇంకాస్త ఎరుపు, ఇంకాస్త నారింజ కలుపుతాడు. చూస్తే ఊరు తగలబడుతున్నట్టుంటుంది.

నా ఫొటోలు ఒక్కొక్కటే ప్రింటర్‌లోంచి వస్తుంటే భాయ్ ఆరబెడుతూ చూశాడు.

"ఎవురూ నవ్వడం లేదు కదమ్మా."

"బోరు ఫెయిలైనప్పుడు తీసినవి భాయ్."

"ఐనా గానీ. పెద్దోళ్లు సూస్తారు. రెండన్నా కలర్‌ఫుల్‌గా ఉండల్ల. ఈ ఆకాశం సూడు, తెల్లగా సచ్చినట్టుండాది. కొంచెం నీలం ఏస్తాను."

"నక్కో భాయ్," అన్నాను. వద్దనే మాట ఆయన భాషలో చెబితేనే ఆయన చెయ్యి ఆగుతుంది.

అట్టపెట్టె మాత్రం ఆయనే చేసిచ్చాడు. లోపల మెత్తటి గుడ్డ వేసి, మూతకు నల్ల రిబ్బన్ పెట్టాడు. బయట బంగారు అక్షరాలతో నా పేరు కొట్టిస్తానంటే బతిమాలి ఆపాను.

రివ్యూ రోజు పొద్దున్నే నేను మదనపల్లెలో బస్సెక్కాను. పుంగనూరులో భాయ్ ఎక్కాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, అత్తరు వాసన, ఒళ్లో పెళ్లి ఆల్బమ్‌లాంటి పెద్ద ఆల్బమ్. దారి పొడుగునా తాను చెప్పబోయే నిమిషం ప్రసంగాన్ని నాకు వినిపించాడు. అది నిమిషం దాటి పలమనేరు దాటింది.

మూఢం కాబట్టి కుప్పంలో కల్యాణమండపం ఖాళీగా దొరికిందట. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చునే వేదిక మీదే మూడు బల్లలు వేసి, ఒక్కోదాని వెనక ఒక్కో పెద్దమనిషిని కూర్చోబెట్టారు. మేము కింద కుర్చీల్లో. గంట కొట్టినప్పుడల్లా ముగ్గురు పైకి వెళ్లాలి, ముగ్గురు దిగాలి. ప్రతి ఒక్కరికీ ముగ్గురితోనూ భేటీ ఉంటుంది. గంట కొట్టే పని గ్రానైట్ వ్యాపారి తానే పెట్టుకున్నాడు. చాలా శ్రద్ధగా కొట్టాడు.

వంతు వచ్చేదాకా పక్కవాళ్ల ఫొటోలు చూశాను. చీమ కళ్లు. చీమ కాళ్లు. మంచులో చెట్టు. ముడతల ముఖంతో తలపాగా చుట్టుకుని బీడీ పొగ వదిలే ముసలాయన. ఆ ముసలాయన పక్కవాడి దాంట్లోనూ ఉన్నాడు. దాని పక్కదాంట్లోనూ ఉన్నాడు. అడిగితే తెలిసింది, అందరూ గుంపుగా ఫొటోవాక్ అని వెళ్లి ఆయన చుట్టూ నిలబడి తీశారట. ఎవరి ఫొటోను వారు, "ఈయన కళ్లలో ఒక జీవితం ఉంది," అంటూ చూపిస్తున్నారు. ఆయన పేరేమిటంటే ఒక్కరికీ తెలియదు.

నా మొదటి భేటీ హైదరాబాదు నుంచి వచ్చినాయనతో. ఫొటోగ్రఫీ స్కూలు నడుపుతాడు. నేను అద్దం ముందు నేర్చుకున్నది సగం చెప్పేసరికి పెట్టె మూత ఆయనే తీశాడు.

"ఇవి మీవారు తీసినవా?"

"నేను తీసినవి సార్."

"గుడ్, గుడ్. ఏ లెన్సు?"

చెప్పాను.

"నేనైతే ఇంకా వైడ్ వాడేవాణ్ణి. ఎలాగో చూపిస్తా ఉండండి."

ఫోన్ తీసి తన ఫొటోలు చూపించాడు. మంచుకొండలు, వాటి ముందు గుర్రాలు, గుర్రాల ముందు ఆయన. ఒక్కోటీ ఎంత చలిలో తీశాడో చెప్పాడు. మధ్యలో ఎవరిదో ఫోన్ వస్తే మాట్లాడాడు. నేను బాగున్నాయి సార్, బాగున్నాయి సార్ అంటూ ఉన్నాను. గంట మోగింది. ఆయన పోర్ట్‌ఫోలియోను నేను రివ్యూ చేసి కిందికి దిగాను.

రెండో ఆయనది బెంగళూరు. ఫొటోలు అమ్మే గ్యాలరీ ఉందట. ఈయన కనీసం నా ఫొటోల వైపు చూశాడు. తెలుగులో కన్నడం కలిపి మాట్లాడాడు.

"ఫ్రేములు చెన్నాగున్నాయి మేడమ్. కానీ ఎమోషన్ కమ్మి, చాలా తక్కువ. ఎవరైనా ఏడుస్తా ఉండే ఫొటో లేదా?"

"బోరు కాడ ఎవురూ ఏడవరు సార్."

"ఎందుకు ఏడవరు? అంత నష్టం అయితే?"

"ఆడ మిషనోళ్లు ఉంటారు, ఊరోళ్లు ఉంటారు. వాళ్లముందు యాల ఏడుస్తారు? ఇంటికి పోయి ఏడుస్తారేమో, నాకు తెలీదు."

ఆయన నిరాశపడ్డాడు. పెట్టె పక్కకు జరిపి, నాకు నిజంగా మేలు చేసే సలహా ఒకటి ఇవ్వడానికి ముందుకు వంగాడు. "మీది పుంగనూరు పక్కనే కదా. ఆ పొట్టి ఆవులు తీయండి. చిన్న పిల్లని పక్కన నిలబెట్టి తీయండి. అవి గోడలకు పెట్టుకుంటారు. దీన్ని ఎవరు పెట్టుకుంటారు?"

ఎండిపోయిన బోరును ఎవరూ హాల్లో పెట్టుకోరు. ఆ మాట నిజమే కాబట్టి ఇంకా ఒళ్లు మండింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర భాయ్ వెలిగిపోతున్నాడు. హైదరాబాదు ఆయన భాయ్ సూర్యాస్తమయాలు చూసి గంట మోగినా లేవనివ్వలేదట. "మీలో మాస్టర్ ఉండాడు, బయటికి రావల్ల అన్నాడమ్మా," అని ప్లేటు చేతిలో పట్టుకుని నాకు రెండుసార్లు చెప్పాడు. చుట్టూ అందరూ కార్డులు పంచుకుంటున్నారు. సాంబారు చేత్తో ఒకరి కార్డు ఒకరు అందుకుని, చదవకుండా జేబులో వేసుకుంటున్నారు. నేను కూడా నా కార్డులు పంచాను. లోలోపల నవ్వుకుంటున్నది వాళ్లమీదో నామీదో అర్థం కాక పెరుగన్నం వదిలేసి లేచాను.

మూడో ఆమెది చెన్నై. పత్రికల్లో ఏ ఫొటో వేయాలో తేల్చే ఉద్యోగం చేసి మానేసిందట. నాకంటే ఓ పదిహేనేళ్లు పెద్ద. ఆమె దగ్గరికి వెళ్లి వచ్చినవాళ్లు ముఖాలు ముడుచుకుని దిగుతున్నారు. చీమల అబ్బాయికైతే ఆమె, "చీమ బాగుంది, నువ్వేం చేసినావు?" అని అడిగిందట.

నేను కూర్చుని, "నమస్కారం మేడమ్, నేను..." అన్నాను.

"మాట్లాడొద్దు. ముందు చూస్తాను."

తమిళ యాసలో అంత పొడిగా అనేసరికి నాకు కోపమొచ్చింది. ఆమె ఫొటోలన్నీ తీసి బల్లమీద పరిచింది. బల్ల చాలకపోతే వేదిక మీద నేలపైనా పరిచింది. లేచి చెప్పులు విడిచి వాటి మధ్య నడిచింది. తర్వాత ఒక్కొక్కటే ఏరి పక్కన పడేయడం మొదలుపెట్టింది. మొదట పడేసింది నాకు ప్రాణమైన ఫొటో. దుమ్ము మేఘంలా లేస్తుంటే ఒక పాప రెండు చేతులతో కళ్లు మూసుకుని నిలబడిన ఫొటో. గ్రూపులో దానికి ఎంత పేరొచ్చిందో ఆమెకు తెలియదు.

"అది తీసేశారే మేడమ్," అన్నాను.

"ఇది అందరికీ నచ్చుంటుంది. అందుకే మీకూ నచ్చింది."

"నాకు నచ్చినాకే వాళ్లకు చూపించినాను."

"సరే. కానీ దీంట్లో దుమ్ము బాగుంది, పాప బాగుంది. బోరు పడిందా లేదా దీనికి అక్కర్లేదు."

వాదించొద్దన్న పాఠం గుర్తుంది. అయినా వాదించాను. ఆ పాప ఎవరో, ఆ చేను ఎవరిదో, అది వాళ్లకు ఎన్నో బోరో చెప్పాను. ఆమె విన్నది. విని ఆ ఫొటోను మళ్లీ పక్కనే పెట్టింది. అట్లా సగానికి పైగా పోయాయి. నేను లెక్కపెట్టడం మానేశాను. గంట మోగడానికి ఇంకా సమయముంది. ఇట్లా చూస్తూ కూర్చుంటే నాకు మిగిలేది కోపమొక్కటే అనిపించి, పొగడ్తల సంగతి వదిలేసి అడిగాను.

"మీరు యాడన్నా ఆగినారా మేడమ్? దేని దగ్గరన్నా?"

ఆమె మొదటిసారి నా ముఖంలోకి చూసింది. నేలమీద పరిచిన వాటిలోంచి ఒక ఫొటోను తీసి చూపింది. నేను సంఖ్య కోసం కలిపిన ఫొటో అది. నీళ్లు పడితే మొదటి నీళ్లు పట్టుకుందామని ఒక రైతు భార్య కొత్త ప్లాస్టిక్ బకెట్ తెచ్చుకుంది. ఆ బకెట్‌ను బోర్లించి దానిమీద కూర్చుని ఉంది. అందరూ రిగ్గు వైపు చూస్తుంటే ఆమె ఇంటి వైపు చూస్తోంది.

"ఈమె నీళ్ల కోసం చూడటం మానేసింది," అంది చెన్నై ఆమె. "మిగిలినవాళ్లకు ఇంకా తెలియదు. ఇక్కడ ఆగినాను."

ఆ ఫొటోను నా చేతికిచ్చింది.

"ఇంకొకటి. ఇన్ని ఊళ్లు తిరిగినారు. లారీతో వచ్చి లారీతోనే పోయినారు. మరుసటి రోజు ఆ ఇంట్లో ఏం జరిగిందో ఒక్క ఫొటో లేదు. మీకు తెలుసా అసలు?"

గంట మోగింది. ఆమె ఫొటోలు సర్దడానికి సాయం కూడా చేయలేదు. తర్వాతి మనిషిని పిలిచింది. నేను నేలమీద కూర్చుని నా ఫొటోలు ఏరుకుంటుంటే, కింద కుర్చీల్లో ఉన్నవాళ్లంతా చూశారు.

తిరుగు బస్సులో కిటికీ వైపు కూర్చుని ఆమెను తిడుతూనే ఉన్నాను. ఏసీ గదుల్లో కూర్చుని ఫొటోలు ఏరినామెకు బోరు సంగతి ఏం తెలుసు? లారీతో రాకపోతే ఎట్లా రావాలి? సాయంత్రమైతే ఆ పల్లెలనుంచి మదనపల్లెకు బస్సులుండవు. మరుసటి రోజు నాకు స్టూడియో ఉంటుంది. ఇవన్నీ భాయ్‌కి చెప్పాను. ఆయన ఔనౌను అంటూనే ఉన్నాడు గానీ, పలమనేరు దాటాక వినడం మానేశాడు. ఒళ్లో రంగుల కాగితం ఒకటి తెరిచి పెట్టుకున్నాడు.

"అదేంటి భాయ్?"

"హైదరాబాదు సార్ ఇచ్చినాడు. వాళ్ల స్కూల్లో చేరల్లంట. మాస్టర్‌క్లాస్ అంట." కాగితాన్ని ఇటూ అటూ తిప్పాడు. "ముగ్గురు నలుగురికి ఇదే ఇచ్చినాడమ్మా. అందర్లోనూ మాస్టర్ ఉండాడంట."

నవ్వు రాబోయి ఆగిపోయింది. ముప్ఫై ఏళ్లుగా పుంగనూరు పెళ్లిళ్లన్నీ తీసిన మనిషి ఆయన. ఒక్కపూట ఆ మాట నమ్మి కొత్త పెళ్లికొడుకులా ఉన్నాడు.

"నీ ఆకాశాల్లో ఎరుపు కొంచెం తగ్గించు భాయ్," అన్నాను. "అయినా నీ డ్రోన్ చెయ్యి నాకు రాదు."

"ఎరుపు తగ్గిస్తే ఏముంటాది?" అన్నాడు ఆయన, నిజంగానే అడుగుతూ.

ఆ తర్వాత జరిగినవి కూడా చెప్పాలి. హైదరాబాదు ఆయన మాతో దిగిన గ్రూపు ఫొటోను తన పేజీలో పెట్టి, గ్రామీణ కళాకారులకు తాను దారి చూపిన రోజు అని రాసుకున్నాడు. నేను వెనక వరసలో అట్టపెట్టె పట్టుకుని ఉన్నాను. బెంగళూరు ఆయన ఆవుల ఫొటోలు సిద్ధమయ్యాయా అని మెసేజ్ పెట్టాడు. గ్రానైట్ వ్యాపారి, అందరూ రివ్యూయర్లకు ధన్యవాదాలు చెప్పారా అని గ్రూపులో గుర్తుచేశాడు. నేను ఎవరికీ చెప్పలేదు.

వేసవి మొదట్లో తంబళ్లపల్లె దగ్గర ఒక పాయింటు ఉందని డ్రైవర్ ఫోన్ చేశాడు. వెళ్లాను. మధ్యాహ్నం దాటేసరికి తేలిపోయింది, రాతిపొడి తప్ప ఏమీ లేదు. రంధ్రంలో దించిన కేసింగ్ పైపు నోటికి గోనెసంచి కట్టి, రాడ్లు ఎక్కించుకుని లారీ బయలుదేరింది. డ్రైవర్ నా కోసం ఆపి హారన్ కొట్టాడు.

"రావా అమ్మా?"

"నువ్వు పోప్పా. నేను రేపొస్తా."

ఎందుకు అన్నానో అప్పుడు నాకే సరిగ్గా తెలియదు. చెన్నై ఆమె మాట తప్పని తేల్చుకోవాలని కూడా కొంత ఉండవచ్చు. మరుసటి రోజు ఆ ఇంట్లో ఏముంటుంది, పడుకుని ఉంటారు, ఏడుస్తూ ఉంటారు, అవి బెంగళూరు ఆయన అడిగిన ఏడుపు ఫొటోలే కదా అనుకున్నాను. ఆ రాత్రికి ఉండనిస్తావా అని ఆ ఇంటి ఇల్లాలిని అడిగితే, "ఉండుకో, దాందేముంది," అని చాప ఇచ్చింది.

తెల్లారి లేచేసరికి ఆమె అప్పటికే బోరు దగ్గర ఉంది. చీపురుతో రాతిపొడిని కుప్పలు చేసి గంపకెత్తుతోంది. గొర్రెలదొడ్డిలో పోయినేటి వానలకు నేల గుంటలు పడిందట, దాన్ని పూడ్చడానికి ఈ పొడి బాగా పనికొస్తుందట. ఆమె భర్త పైపు మీద చప్పటి బండ ఒకటి పెట్టి, కదులుతుందో లేదో చేత్తో ఊపి చూశాడు. కదలదని తేలాక ఎవరికో ఫోన్ చేసి గొర్రెల ధర అడిగాడు. తర్వాత ఆ బండమీదే కూర్చుని పళ్లు తోముకున్నాడు. ఎవరూ ఏడవలేదు. ఆ ఇంట్లో ఏడుపు అయిపోయిందో, ఇంకా మొదలుకాలేదో నాకు తెలియదు.

నేను తీస్తూనే ఉన్నాను. గంప నెత్తిన పెట్టుకుని ఆమె నా ముందునుంచి దొడ్డివైపు వెళ్తూ ఆగింది.

"ఈ బూడిదకూ ఫొటోలేనా అమ్మా?"

"అవునక్కా."

"అయితే ఆ గంప అందుకో. తీసేది తియ్యి, మోసేది మొయ్యి."

రెండు గంపలు మోశాను. గంప ఎత్తుకునేటప్పుడు మెడలో ఊగే కెమెరా దాని అంచుకు తగిలి, కెమెరా మూలన ఒక గీత పడింది.

ఆ పొద్దు తీసిన వాటిలో కొన్ని చెన్నై ఆమెకు ఫోన్‌లో పంపాను. ధన్యవాదాలని రాయలేదు, ఫొటోలే పంపాను. నాలుగు రోజులు జవాబు లేదు. ఇంతే వీళ్లు అనుకుని మనసులో మళ్లీ తిట్టుకున్నాను. అయిదో రోజు ఒక కుర్రవాడి పాస్‌పోర్టు ఫొటో తీస్తుండగా ఫోన్‌లో మెసేజ్ చప్పుడైంది. ఆమె రాసింది ఒక్క వాక్యం: "గొర్రెలదొడ్డి ఫొటోలో మీ నీడ పడింది, చూసుకోండి."

బాగుందని అనలేదు. బాగాలేదనీ అనలేదు. ఫొటో తెరిచి చూశాను. నిజంగానే మూలన నా నీడ, నెత్తిన గంప, ఒంటిచేత్తో ఎత్తిపట్టిన కెమెరా. అన్ని ఫొటోల్లో దాన్నొక్కదాన్నే ఆమె అంత పరీక్షగా చూసిందన్నమాట. కుర్రవాడు గడ్డం పైకెత్తి నా కోసం చూస్తున్నాడు. ఫోన్ పక్కన పెట్టి, "కొంచెం కిందికి దించప్పా," అన్నాను.